కాలిన యోడ మునుగుట యేల?

2006వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున నొకనాటి యుదయము మేము వార్తాపత్రిక చదువుచు, వంటయింటి గడపకడ కూరగాయలు తరుగుచున్న మా యత్తగారికి ముఖ్యమైన సంగతులు వినిపించుచుంటిమి. ఎఱ్ఱసముద్రములో నొక ప్రయాణికుల యోడకు నిప్పంటుకొనెననియు, కొన్ని గంటలలో నది మునిగిపోయెననియు, వందలకొలది జనులు గల్లంతైరనియు అందున్నది. అత్తగారు కత్తిపీట ప్రక్కకు జరిపి, "అమ్మాయీ! ఆ మాట మరల చదువుము. ఓడ కాలినదా, మునిగినదా?" అని యడిగిరి.

"రెండును, అత్తయ్యగారూ! మొదట కాలినది, పిమ్మట మునిగినది."

"కాలుట యెఱుగుదును, మునుగుట యెఱుగుదును. కాలినది మునుగుటయే నాకు బోధపడలేదు. ఇల్లు కాలినను గోడలు నిలుచును గదా! ఇనుప గోడల యోడ కాలినచో లోపలి సామానులు కాలవలెను. ఓడ మాత్రము తేలుచునే యుండవలెను. మఱి దానిని ముంచిన దేమి?"

మాకు సమాధానము తోచలేదు. "మంటకు అడుగున చిల్లు పడియుండును" అని యేదో చెప్పి తప్పించుకొంటిమి. ఆమె తృప్తిపడలేదు. ఓడలనుగూర్చి ప్రశ్నించుటకు మాకంటె ఆమెకే హక్కెక్కువ. ఆమె రంగములో పుట్టి, పదియేండ్ల వయస్సు నిండకమున్నే తల్లిదండ్రులతో డెక్కు ప్రయాణికులై ఓడలో విశాఖపట్టణము చేరినవారు. ఆ ప్రయాణపు ముచ్చటలు మా యింటి పిల్లలందఱికి కంఠపాఠములే.

ఆ యోడ పేరు అల్ సలాం బొకాచియో 98. 2006 ఫిబ్రవరి 2వ తేదీ సాయంకాలము సౌదీ అరేబియాలోని దుబా రేవునుండి బయలుదేరి, ఎఱ్ఱసముద్రము దాటి ఈజిప్టులోని సఫాగా రేవు చేరవలసియుండెను. అందు సుమారు 1,400 మంది యుండిరి. వారిలో పెక్కుమంది పరదేశమున కూలిపని చేసి, కూడబెట్టిన ధనముతో, బిడ్డలకు కొన్న బట్టలతో ఇండ్లకు మరలుచున్న ఈజిప్టు దేశస్థులు. మన జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయి, మూడేండ్లకో నాలుగేండ్లకో మూటలతో తిరిగివచ్చువారిని చూచినవారికి వారి ముఖములు పోల్చుకొనుట కష్టము గాదు. 3వ తేదీ తెల్లవారకమునుపే ఆ యోడ ప్రక్కకు ఒఱగి తలక్రిందై మునిగెను. ప్రాణములతో బయటపడినవారు 388 మంది మాత్రమే. తక్కినవారు, వేయిమందికి పైగా, సముద్రము పాలైరి.

తరువాత విచారణ జరిగినది. దాని వివరములు కొన్ని మేము చదివినప్పుడు అత్తగారి ప్రశ్నకు ఉత్తరము దొరకినది. కాని ఆ యుత్తరముతోబాటు మాకు సిగ్గుకూడ కలిగినది. ఆ సిగ్గునకు కారణమును ముందుగా చెప్పవలెను.

అంతకు కొన్ని యేండ్లముందు మేము విశాఖపట్టణమునుండి పోర్టుబ్లెయరునకు ఓడమీద పోయియుంటిమి. మా మరిదిగారి కుటుంబము అప్పుడచ్చట కాపురముండెను. దాదాపు మూడు దినముల ప్రయాణము. రెండవనాడు మేము చంటివాని తువ్వాలు ఉతికి డెక్కుమీది కమ్మీలకు ఆరవేసితిమి. రాత్రి గాలికి అది యెగిరిపోయినది. సముద్రములో పడియుండునని ఊరకుంటిమి. తెల్లవాఱి మేము పైకి వచ్చునప్పటికి ఒక నావికుడు గొట్టముతో డెక్కు కడుగుచుండెను. ఒకమూల నీరు పోక పాదములు మునుగునంత నిలిచియుండెను. అతడు గొట్టము కట్టివేసి, ఆ నీటిలో చేయిపెట్టి గోడవార తడిమి, జల్లెడవంటి చిన్న మూతగల రంధ్రమునుండి మా తువ్వాలును పైకి లాగెను. వెంటనే నీరు గుడగుడ శబ్దముతో లోనికి దిగిపోయెను.

అతడు శ్రీకాకుళపు వాడు. తువ్వాలు పిండి మా చేతికిచ్చుచు, "అమ్మగారూ! ఇది సముద్రములో పడినను నాకు చింతలేదు. ఈ కన్నమునకు మాత్రము అడ్డము రానీయకుడు" అని కొంచెము కటువుగానే పలికెను. మాకు కోపము వచ్చినది. జానెడు తువ్వాలునకు ఇంత యుపదేశమా యని లోపలికి పోయి నవ్వుకొంటిమి కూడ. ఎఱ్ఱసముద్రపు టోడ కథ చదివిన దినమున ఆ నవ్వు మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఇక అసలు సంగతికి వత్తము. ఓడను ముంచునది నిప్పు గాదు. పెక్కుసారులు ఆ నిప్పునార్పుటకు పోసిన నీరే. ఈ మాట మొదట విన్నప్పుడు మేమును నమ్మలేదు. సముద్రములో తేలుటకే పుట్టిన యోడను పైనుండి పోసిన నాలుగు గొట్టముల నీరు ముంచగలదా? ముంచగలదు. దీనికి నిదర్శనము మన వంటయింటిలోనే యున్నది.

సోదరీమణులు ఒక చెంబెడు నీటిని చెంబులోనే పట్టుకొని గడప దాటి చూడుడు. ఒక్క బొట్టయినను తొణకదు. ఆ నీటినే వెడల్పాటి తాంబాళములో పోసి, రెండు చేతుల పట్టుకొని అదే గడప దాటి చూడుడు. చేయి వెండ్రుకవాసి ఒఱగినంతనే నీరంతయు ఆ ప్రక్కకే పరుగెత్తును. నీరు చేరినకొలది ఆ ప్రక్క బరువెక్కును. బరువెక్కినకొలది ఇంకను ఒఱగును. ఒఱగినకొలది మిగిలిన నీరు కూడ అటే వచ్చును. నీరు అంతే, బరువును అంతే. భేదమెల్ల దానికి పరుగెత్తుటకు దొరకిన చోటులో నున్నది.

ఇంకొక పరీక్ష కూడ చేయవచ్చును. గంగాళమునిండ నీరు పోసి, అడుగు చదునుగానుండి అంచుగల పళ్లెమొకటి దానిమీద తేలవిడువుడు. పళ్లెపు అంచును వ్రేలితో కొంచెము నొక్కి విడిచినచో అది మరల సరిగా నిలుచును. కారణమేమనగా, ఒఱగినవైపు నీటిలోనికి ఎక్కువగా దిగును. అచ్చట గంగాళపు నీరు దానిని పైకి త్రోయును. ఓడ అలలమీద అటునిటు ఊగుచును పడిపోకుండుట యీ త్రోపువలననే. ఇప్పుడు పళ్లెములో గ్లాసెడు నీరు పోసి మరల నొక్కుడు. అది మునుపటివలె లేచి నిలువదు. జంకుచు, ఒకవైపునకే వ్రాలుచు, ఒక్కొక్కప్పుడు బోర్లపడును. క్రిందినుండి గంగాళపు నీరు త్రోయు బలమును, లోపల పరుగెత్తు గ్లాసెడు నీరు మ్రింగివేయుచున్నదన్నమాట. ఆ నీటినే నాలుగు పొట్టి గిన్నెలలో పోసి పళ్లెములో నాలుగువైపుల పెట్టి చూడుడు. బరువు తగ్గలేదు, పైగా గిన్నెల బరువు కూడినది. అయినను పళ్లెము కుదురుగా నిలుచును.

ఓడలు కట్టువారు దీనిని బాగుగా నెఱుగుదురు. అందుచేతనే ఓడ యడుగుభాగమును అడ్డగోడలతో అనేకములైన అఱలుగా విభజింతురు. పొడవున నడుమ ఒక్క గోడ నిలిపినచో, నీటి పరుగువలన కలుగు నపాయము సగమునకు గాదు, నాలుగవ వంతునకు దిగునని లెక్క. కాని కార్లను, లారీలను ఎక్కించుకొనిపోవు నోడలలో ఒక యంతస్తు అంతయు ఈచివరనుండి ఆచివరవరకు గోడలులేని సావడివలె నుండును. బండ్లు ఒకవైపున నెక్కి వేఱొకవైపున దిగవలెను గదా! నీటికి తాంబాళమువంటి చోటు అదియే.

అట్టి యంతస్తు 100 మీటర్ల పొడవును, 20 మీటర్ల వెడల్పును గలదనుకొందము. అందు 10 సెంటీమీటర్ల లోతు నీరు, అనగా మన చీలమండలు తడియునంత నీరు నిలిచినచో దాని బరువు 200 టన్నులు. ఆ బరువు ఓడ యడుగున గాక సముద్రమట్టమునకు పైనున్న యంతస్తులో నుండును. ఒకచోట కట్టుబడియుండక, ఓడ యెటు వ్రాలిన అటు పరుగెత్తుచుండును. నెత్తిమీద బిందె పెట్టుకొని నడచువారికి ఎత్తున నున్న బరువెంత కష్టపెట్టునో వేఱుగా చెప్పనక్కఱలేదు.

అల్ సలాం ఓడలో జరిగినది ఇదియే. రేవు విడిచిన కొంతసేపటికి బండ్లున్న యంతస్తులో నిప్పు పుట్టినది. నావికులు నీరు చల్లనారంభించిరి. నిప్పు పుట్టినచోట నీరు పోయుట తప్పు గాదు. అయితే ఆ నీరు తిరిగి సముద్రములోనికి పోవుటకై అంతస్తు అంచులవెంట తూములుండును. అవి చెత్తతో మూసుకొనిపోయినవి. పోసిన నీరు పోసినట్లే లోపల నిలిచినది, ఒకవైపునకు చేరినది, ఓడ ఒఱగినది. రేవునకు వెనుదిరుగక ముందునకే సాగిన యోడ, నిప్పుతోడను నీటితోడను ఏకకాలమున పోరాడుచు, నడిసముద్రమున కూలిపోయినది. సహాయము చేరుటకు చాల గంటలు పట్టినది. రాత్రి నీటిలో పడినవారిలో బలవంతులు కూడ తెల్లవాఱువరకు నిలువలేకపోయిరి.

ఈ భాగమును చదువునప్పుడే మాకు శ్రీకాకుళపు నావికుడు కన్నులకు కట్టినట్లు కనబడెను. అతడు తువ్వాలును గూర్చి కోపించుకొనలేదు. ఆ చిన్న కన్నమువెనుక ఎన్ని ప్రాణములున్నవో అతనికి తెలియును, మాకు తెలియదు. అంతే భేదము.

ఒక్క యోడ కథనుబట్టి ఇంత చెప్పుటయేల యని యెవరైన నడుగవచ్చును. ఇట్టివి చాల జరిగినవి. తీరమునకు కట్టివేసిన యోడలుకూడ ఇట్లే పడిపోయినవి. 1942 ఫిబ్రవరి 9వ తేదీన న్యూయార్కు రేవులో నార్మండీ యను ఫ్రెంచి మహానౌక నిప్పునకు గుఱియైనది. దానిని సైనికులను తీసికొనిపోవు నోడగా మార్చుచు, లోపల ఇనుము కోయుచుండగా రవ్వలెగిరి, గుట్టగా పోసియున్న ప్రాణరక్షక కవచములపై పడినవి. మునిగినవారిని తేల్చుటకు చేసిన వస్తువులే ఓడను మునిగించుటకు మొదలైనవి! అగ్నిమాపక పడవలు వచ్చి పై యంతస్తులపై ధారాపాతముగా నీరు గుమ్మరించెను. మంట అణగినది, కాని పైనచేరిన నీటి బరువునకు ఓడ ఒఱగనారంభించినది.

ఆ యోడను రూపొందించిన వ్లదిమీర్ యుర్కెవిచ్ అనునతడు ఆనాడు న్యూయార్కులోనే యుండెను. అతడు రేవునకు పరుగునవచ్చి, అడుగుననున్న కవాటములు తెఱచి క్రింది అఱలలోనికి నీటిని రానిచ్చినచో, లోతు తక్కువగుటచే ఓడ నిటారుగా నేలపై కూర్చుండునని చెప్పెను. ఓడను నిలుపుటకు దానిలోనికి నీటిని విడువుడనెడి యా మాట వినువారికి వెఱ్ఱిగా తోచియుండును. కాని అడుగున చేరిన నీరు ఓడను కుదుటపఱచును. పైన చేరిన నీరు పడద్రోయును. ఈ భేదమెఱిగినవాడు గనుకనే అతడట్లు చెప్పెను. అధికారులు వినలేదు. మఱునాటి తెల్లవారుజామున 83,000 టన్నులకు పైబడిన యా మహానౌక రేవుగట్టు ప్రక్కనే ప్రక్కవాటుగా పడిపోయెను. దానిని లేవనెత్తుటకు నెలలకొలది పాటుపడిరి. లేచినదిగాని మరల ప్రయాణము చేయలేదు. తుదకు ఇనుముగా అమ్ముడుపోయినది.

ముప్పదియేండ్లకు, 1972 జనవరి 9వ తేదీన, హాంగుకాంగు రేవులో క్వీన్ ఎలిజబెత్ అను బ్రిటిషు మహానౌకకును ఇదే గతి పట్టినది. దానిని తేలియాడు విద్యాలయముగా మార్చుచుండగా నిప్పంటుకొనెను, నీరు పోసిరి, ఆ నీటితోనే అది ఒఱగి పడెను. అంతకుమున్ను 1953 జనవరిలో లివర్పూలు రేవున ఎంప్రెస్ ఆఫ్ కెనడా యను నోడకును అట్లే జరిగినది. ఒకదాని కథ తక్కినవారికి తెలిసియుండలేదని చెప్పజాలము. మంట ఎదుట నున్నప్పుడు మనుష్యునికి మంటయే కనబడును. కాలిక్రింద చేరుచున్న నీరు కనబడదు.

అయితే కాలిన యోడలన్నియు పోసిన నీటివలననే మునుగునని కాదు. వేఱు దారులును గలవు. మంట యంత్రశాలకు ప్రాకినచో విద్యుత్తు ఆగును. విద్యుత్తు ఆగినచో నీటిని బయటికి తోడు పంపులు ఆగును. చీకటిలో, పొగలో, ఏ తలుపు మూసియున్నదో ఏది తెఱచియున్నదో చూచుట కష్టము. వేడికి ఓడ ప్రక్కల గుండ్రని కిటికీల అద్దములు పగులును. ఓడ నిటారుగా నున్నంతవఱకు ఆ కిటికీలు నీటికి పైననే యుండును. ఒఱగినంతనే క్రింది వరుస సముద్రములో మునుగును. అప్పుడు లోని నీటికి వెలుపలి నీరు తోడుపడును. సముద్రపు నీటిని లోనికి తెచ్చు గొట్టములు వేడికి చెడినను, తీగలు పోవుటకై అడ్డగోడలలో విడిచిన సందులు కాలి తెఱచుకొనినను నీరు ఒక అఱనుండి వేఱొక అఱకు ప్రాకును. ఈ కారణములొక్కొక్కటియు చిన్నదే. అన్నియు కూడిననాడు ఇనుప కోటవంటి యోడ నిలువలేదు.

కొన్ని యోడలు వెంటనే మునుగవు. 1963 డిసెంబరులో లకోనియా యను నోడ ఇంగ్లండునుండి క్రిస్మసు విహారమునకై బయలుదేరెను. 22వ తేదీ రాత్రి క్షౌరశాలలో నిప్పు పుట్టెను. 128 మంది చనిపోయిరి. ఉత్త డొల్లగా మిగిలిన యోడను రేవునకు లాగుకొనిపోవుచుండగా 29వ తేదీన అది ఒఱగి మునిగిపోయెను. బొంబాయికిని పారశీక సింధుశాఖలోని రేవులకును నడుమ తిరుగు దారా యను నోడ 1961 ఏప్రిల్ 8వ తేదీన దుబాయి చేరువను పేలుడునకును మంటలకును గుఱియైనది. 238 మంది మరణించిరి. వారిలో మన దేశస్థులును గలరు. మంటల నణచి లాగుకొనిపోవుచుండగా 10వ తేదీన మునిగెను. 2007 ఫిబ్రవరిలో ఇండోనీషియా దేశమున లెవీనా యను పడవ కాలి, తేలుచుండెను. కొన్ని దినములకు పరీక్షించుటకు అధికారులును, చూచి వ్రాయుటకు విలేకరులును దానిపై కెక్కిరి. వారుండగనే అది మునిగి వారిలో కొందఱను పొట్టబెట్టుకొనెను. కాలిపోయి తేలుచున్న యోడను చూచి గండము గడచెననుకొనరాదని వీనివలన తెలియుచున్నది.

మఱి మనుష్యులు ఏమియు నేర్చుకొనలేదా? నేర్చుకొనిరి, కాని ప్రతి పాఠమునకును ప్రాణములే వెల యైనవి. 1965 నవంబరు 13వ తేదీన అమెరికాలోని మయామీనుండి నాసోకు పోవుచు యార్మత్ కాసిల్ అను పాతయోడ కాలి మునిగెను. పరుపులు పెట్టిన యొక గదిలో నిప్పు పుట్టి, కొయ్య పలకలను, వానిపై పూసిన రంగుపూతలను పట్టుకొని క్షణములలో పైకెగసెను. 90 మంది చనిపోయిరి. ఆ తరువాత అంతర్జాతీయ నౌకాభద్రతా నిబంధనలను కఠినపఱచి, ప్రయాణికుల యోడలలో తేలికగా కాలు వస్తువుల వాడుకను అరికట్టిరి. అల్ సలాం మునిగిన పిమ్మట, మూసియున్న బండ్ల యంతస్తులలో నీరు పోవు తూములు చెత్తతో మూసుకొనిపోకుండ ఏర్పాటుండవలెనను నియమముకూడ చేరినది. మా తువ్వాలును పట్టుకొనిన జల్లెడవంటి వస్తువునుగూర్చి దేశదేశముల ప్రతినిధులు కూర్చుండి చర్చించి శాసనము వ్రాసిరని తలచినపుడు మాకు ఆశ్చర్యము కలుగుచున్నది.

నిబంధనలవలన ఫలము లేకపోలేదు. అల్ సలాం మునిగిన నెలన్నర దినములకే, 2006 మార్చి 23వ తేదీన, జమైకా సమీపమున స్టార్ ప్రిన్సెస్ అను విహారనౌకకు నిప్పంటుకొనెను. ఎవరో పారవేసిన సిగరెట్టు ముక్కవలన పుట్టియుండునని విచారణలో తేలినది. ఒక వైపున గదుల వసారాలు వరుసగా కాలినవి. ఒక నిండుప్రాణము పోయినది. కాని వేలకొలది జనులతో నున్న యా యోడ నిలిచి, తన యంత్రములతోనే రేవు చేరెను. నిప్పంటుకొనిన యోడ మునిగియే తీరవలెనను నియమము లేదు.

ఈ సంగతులన్నియు మేము ఒకనాటి మధ్యాహ్నము అత్తగారికి చెప్పితిమి. తాంబాళము తెచ్చి నీరుపోసి చూపితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "రంగము ఓడలో తెల్లవారుజామున నావికులు గొట్టములతో వచ్చువారు. డెక్కు మీదివారమందఱము మూటలు నెత్తిపై పెట్టుకొని లేచి నిలుచువారము. మా యమ్మ నన్ను చంకనెత్తుకొని, 'నీరు పోయెను, దిగు' అని చెప్పువఱకు దింపెడిది గాదు. ఆ నీరు ఎటుపోవునో చూడవలెనని నేను వంగి చూచెడిదానను. గోడవారను కన్నములుండెడివి. ఆ కన్నములలోనుండి సముద్రము కనబడెడిది" అనిరి. పిమ్మట, "కన్నము పెట్టిన యోడ తేలును, కన్నము మూసికొనిన యోడ మునుగును. ఈ మాట మీరు పుస్తకములో చదువకున్న నేను నమ్మియుండను" అని నవ్విరి.

తరువాత ఆమె లేచి పెరటివైపు పోయిరి. వానలు ఇంకను రాలేదు. అయినను దొడ్డిగోడ క్రింది తూములో చేరిన వేపాకును చీపురుపుల్లతో లాగివేయుచుండగా చూచితిమి.

ఇప్పుడు ఓడ ప్రయాణములు మునుపటంత విరివిగా లేకున్నను, అండమానులకు పోవువారు, విహారనౌకలెక్కువారు, పరదేశములలో పెద్ద పడవలపై దాటువారు మన యిండ్లలోను గలరు. వారికై నాలుగు మాటలు చెప్పి ముగింతుము. ఓడ యెక్కినవెంటనే, అపాయవేళ చేరవలసిన స్థలమెక్కడనో, మన గదినుండి అచటికి రెండు దారు లెవ్వియో నడచి చూచుకొనవలెను. పొగలో వెదకుట సాధ్యము గాదు. ప్రాణరక్షక కవచము కట్టుకొను విధమును పిల్లలకు ముందే నేర్పవలెను. అగరువత్తి, దీపము, విద్యుత్తు పొయ్యి, నీరు కాచు కడ్డీ మొదలగువానిని గదిలో వెలిగింపరాదు. దేవునికి చేయి జోడించిన చాలును. గదికప్పునుండి నీరు చిమ్ము చిన్న గొట్టములకు బట్టలు తగిలింపరాదు. స్వయముగా మూసుకొను తలుపులకు పెట్టెలు ఆనించి తెఱచియుంచరాదు. అవి మంటను, పొగను ఆపుటకే యున్నవి. పొగవాసన తగిలినచో సిగ్గుపడక వెంటనే చెప్పవలెను. ఓడ ఒకవైపునకు ఒఱగి మరల లేవకున్నచో సామానులకై క్రిందికి దిగక, బిడ్డలను తీసికొని, పిలిచిన స్థలమునకు చేరవలెను.

తడిబట్టలు ఆరవేసినచో గట్టిగా ముడివేయవలెను. ఎగిరిపోయినచో అది ఎక్కడ పడినదో వెదకి చూడవలెను. మేమానాడు వెదకలేదు. మా తువ్వాలును వెదకి తీసినవానికి కృతజ్ఞతకూడ చెప్పలేదు. అతని పేరైనను అడుగకపోతిమి. ఆ లోపమును ఇన్నాళ్లకు ఈ పుటలలోనైనను ఒప్పుకొనుట మా విధియని తలచి వ్రాసితిమి.